సుత్తి పడుకోబెట్టే విద్య

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పాసై, నందిగామలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతూ, జగ్గయ్యపేటలో ఒక పెంకుటింటి పక్కగదిలో అద్దెకు ఉండేవాణ్ణి. పిల్లలు చాటుగా నన్ను ‘జింకు సారు’ అనేవారు (ఏ పాఠం మొదలుపెట్టినా తిరిగి తిరిగి జింకు దగ్గరికే వచ్చేవాణ్ణి, అందుకని). సాయంత్రం బస్సులో వచ్చేటప్పుడు ఫోన్లో వీడియోలు చూడటం అలవాటు. వాటిలో ఒక గడ్డపాయన ఎర్రగా కాలిన ఇనుమును పది నిమిషాల్లో కత్తిగా మార్చేసేవాడు. వారం రోజులు చూసేసరికి ఆ పని నాకూ వచ్చేసిందనే నమ్మకం కుదిరింది.

మొదటి ప్రయత్నం పెరట్లోనే జరిగింది. మునేటి ఒడ్డు నుంచి నున్నటి రాళ్ళు తెచ్చి పొయ్యి పేర్చాను. అవి లోపల నీళ్ళు పీల్చుకుని ఉంటాయనీ, వేడికి పేలతాయనీ నాకు తోచలేదు. (కొత్తగా ఈ సరదాలోకి దిగేవారికి మొదటి మాట: ఏటి రాళ్ళు వద్దు, ఇటుకలూ బంకమట్టీ చాలు.) ఒక పెచ్చు నా చెవి పక్కనుంచి వెళ్ళి చాకలిబండకు తగిలింది. ఆ చప్పుడుకి ఇల్లుగలావిడ బయటికి వచ్చారు. ఆవిణ్ణి నేను పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి.

“ఏం చేస్తున్నావు బాబూ?”

“కొలిమండీ. కత్తి చేద్దామని.”

ఆవిడ నన్నూ, రాళ్ళనూ కాసేపు చూశారు. ఆ పెరటి చివర తాళం వేసిన రేకుల షెడ్డు ఒకటి ఉంది. అది వాళ్ళ సొంత కమ్మరి కొలిమి. ఆవిడ భర్త, అంటే బాబాయిగారు, వాళ్ళ అన్నయ్యతో కలిసి నలభై ఏళ్ళు అందులో పనిచేశారు. అన్నయ్య చిన్న సుత్తితో చోటు చూపిస్తే ఈయన వెనక నిలబడి సమ్మెటతో కొట్టేవారు. ఆర్నెల్ల కిందట ఆ అన్నయ్య పని మధ్యలోనే అక్కడే కూలి ప్రాణం వదిలారు. ఆనాటి నుంచి బాబాయిగారు మాట్లాడటం మానేశారు. వరండాలో నవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకునే ఉండేవారు. డాక్టర్లు చూశారు, గుడికి తీసుకెళ్ళారు, ఏదీ పనిచేయలేదు.

“తినమంటే తింటాడు, లేవమంటే లేస్తాడు. నిద్దట్లో కూడా చేతులు మాత్రం ఆగవు. ఇట్టా ఎత్తుతాడు, దించుతాడు. ఇట్టాగే ఉంటే నాకు దక్కడు బాబూ,” అని ఆవిడ ఒకసారి నాతో అన్నారు. అంత దిగులులో ఉన్న ఆవిడ ఆ రోజు నేను అడక్కుండానే బొడ్లోంచి తాళంచెవి తీసి ఇచ్చారు. “సాయంత్రం పూట వెలిగించుకో. ఆయన్ని మాత్రం అడగమాక.” అంత తేలిగ్గా ఎందుకు ఇచ్చారో ఆలోచించే తెలివి నాకప్పుడు లేదు.

షెడ్డు లోపల అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. దాగలి మీద (ఇనుము పెట్టి కొట్టే దిమ్మ అది) సగం వంగిన కొడవలి ముక్క ఒకటి తుప్పుపట్టి పడి ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టాను. చీకట్లు ముసిరే వేళే కొలిమికి మంచిది, ఎండలో ఇనుము రంగు తెలియదు, ఎంత కాలిందో కనిపెట్టలేం. ఆ సంగతి నాకూ తెలుసు గానీ, ఆ మసక వెలుతురులో గోడకు వేలాడే పటకార్లు నన్నే చూస్తున్నాయని ఏ వీడియోలోనూ చెప్పలేదు.

మొదటి సాయంత్రం సర్కారు తుమ్మ బొగ్గులు పోసి, చేత్తో తిప్పే బ్లోయరుకు కొత్తగా తళతళలాడే జి.ఐ. పైపు తగిలించి నిప్పు రాజేశాను. కాసేపటికి ఆ పైపు చివరనుంచి చిక్కటి తెల్లని పొగ లేచి, నా చుట్టూ ఒకసారి తిరిగి, తలుపు వైపు వెళ్ళింది. నోట్లో ఏదో తియ్యటి రుచి. అర్ధరాత్రికల్లా పళ్ళు టకటకలాడే చలిజ్వరం. చనిపోయిన పెద్దాయనకు నేను కొలిమి ముట్టడం ఇష్టం లేదని తీర్మానించుకున్నాను. హనుమాన్ చాలీసా రాదు కాబట్టి దుప్పటి ముసుగేసుకుని ఆవర్తన పట్టిక చదువుకున్నాను. (ఆ పైపుకు ఉండేది జింకు పూత. కాలితే తెల్లటి విషప్పొగ వస్తుంది. ఆ పొగ గురించే ఆ పొద్దున సెకండియర్ పిల్లలకు బోర్డు మీద సమీకరణంతో సహా చెప్పి వచ్చాను. మీరు మాత్రం మామూలు ఇనుప పైపే వాడండి, తలుపులు తెరిచి ఉంచండి.)

రెండో రోజు వెళ్ళేసరికి, నేను ఎక్కడపడితే అక్కడ పడేసిన పటకార్లు పొడుగు వారీగా మేకులకు తగిలించి ఉన్నాయి. తాళం వేసింది వేసినట్టే ఉంది. పిన్నిగారిని అడిగితే “నేనెందుకు సర్దుతా,” అని లోపలికి వెళ్ళిపోయారు. మూడో రోజు నా వెనక ఎవరో ఊపిరి తీస్తున్నట్టు వినిపించింది. నేను కొట్టినప్పుడల్లా ‘హుఁ’ అని చిన్న మూలుగు. తిరిగి చూస్తే తలుపు సందులో చీకటి తప్ప ఏమీ లేదు. గది ఖాళీ చేసేద్దామా అనుకున్నాను గానీ, లారీ కమాను పట్టీ ముక్క అప్పటికే కాస్త కత్తి రూపానికి వస్తోంది. భయం కన్నా గొప్ప చెప్పుకోవాలనే ఆశ పెద్దది.

నాలుగో సాయంత్రం పట్టీని నారింజ రంగు వచ్చేదాకా కాల్చి దాగలి మీద పెట్టాను. గడ్డపాయన ప్రతి దెబ్బకూ ముందు సుత్తితో దాగలిని టిక్కు టిక్కుమని తాకించేవాడు. ఎందుకో నాకు తెలియదు, స్టైలుగా ఉందని నేనూ రోజూ అలాగే తాకించేవాణ్ణి. ఆ రోజూ రెండుసార్లు తాకించి ఇనుము మీద ఒక దెబ్బ వేశాను. నా సుత్తి పైకి లేచిందో లేదో, సరిగ్గా అదే చోట నా భుజం మీదుగా సమ్మెట వచ్చి పడింది.

తల తిప్పాను. బాబాయిగారు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. పటకారు వదిలి పారిపోవాలని నా ఉద్దేశం, కానీ మోకాళ్ళు బిగుసుకుపోయాయి. ఏం చేయాలో తోచక చేతులు ఇంకో దెబ్బ వేశాయి. సమ్మెట మళ్ళీ పడింది. నేను వేసినా పడుతోంది, వేయకపోయినా పడుతోంది. ఇనుము ఎరుపు తగ్గి, నల్లబడి, కత్తి కాస్తా అప్పడమంత పలచనైంది. “బాబాయిగారూ, చాలండీ,” అన్నాను. వినిపించుకోలేదు. చెమటలు కారుతున్నాయి, రొప్పుతున్నారు, ఆరు నెలలు మంచాన ఉన్న మనిషి గుండె ఆగిపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. దయ్యం భయం అప్పుడు ఎటు పోయిందో తెలియదు.

“సుత్తి పడుకోబెట్టు బాబూ.” గుమ్మంలో పిన్నిగారు, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. “దాగలి మీద పక్కకి పడుకోబెట్టు. అట్టా అయితేనే ఆపుతాడు.”

పడుకోబెట్టాను. సమ్మెట గాలిలోనే ఆగింది. మెల్లగా దిగి నేలను తాకింది. బొగ్గులు చిటపటలాడటం వినిపించింది. బాబాయిగారు దాగలి మీద పడుకున్న ఆ సుత్తి వైపు చాలాసేపు చూశారు.

“అన్నయ్య ఆ రోజు పడుకోబెట్టలా,” అన్నారు. ఆర్నెల్లలో అది ఆయన మొదటి మాట. “కొట్టమని తాకించాడు. ఆపమనలా. పడిపోయాడు.”

తర్వాత అక్కడే, మసి నేల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. పిన్నిగారు పక్కన కూర్చుని ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విప్పి సమ్మెట వదిలించారు. నాకూ ఏడుపొచ్చింది, దాచుకోలేదు. కాసేపటికి ఆవిడ నాతో నెమ్మదిగా అన్నారు. “నేను పిలిస్తే రాలేదు బాబూ. కొలిమి చప్పుడుకైనా వస్తాడేమోనని తాళం ఇచ్చా. రోజూ లేచొచ్చి ఆ తలుపు దాకా నిలబడ్డాడు. నువ్వు కాలేజీకి పోయాక తన దగ్గరున్న రెండో తాళంచెవితో తెరిచి తనే పటకార్లు సర్దుకున్నాడు. నీకు చెబితే పారిపోతావని చెప్పలా.”

ఆవిడ నన్ను సరిగ్గానే అంచనా వేశారు. బాబాయిగారు కళ్ళు తుడుచుకుని దాగలి మీది అప్పడాన్ని చూశారు. ఒళ్ళు మరిచి నల్ల ఇనుమును చేత్తో ముట్టబోతున్న నా మణికట్టు గబుక్కున పట్టుకున్నారు. “నలుపైతే చల్లారినట్టు కాదు మాస్టారూ. చేతులు ఊడతాయి. నీళ్ళ చుక్క వేసి చుయ్‌మంటుందేమో వినాలి గానీ చూస్తే తెలియదు. ఎవడు నేర్పాడు నీకు?” ఫోన్ అని చెప్పడానికి సిగ్గేసి, ఎవరూ లేరన్నాను.

మర్నాటి నుంచి కొలిమి రోజూ వెలిగింది. నాకు సుత్తి ఇవ్వలేదు. ఎమ్మెస్సీ చదివిన నేను ఎనిమిది నెలలు బ్లోయరు తిప్పాను, అదీ సరిగా తిప్పడం లేదని తిట్లు తిన్నాను. ఇప్పుడు నాకూ పెరట్లో చిన్న కొలిమి ఉంది, కుర్రాళ్ళు వచ్చి బొగ్గు ఎక్కడ దొరుకుతుంది, ఏ ఇనుము మంచిదని అడుగుతారు, చెబుతాను. జగ్గయ్యపేట వెళ్ళినప్పుడల్లా పిన్నిగారు వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, “ఇంకెవడైనా అయితే కేకలేసి పారిపోయేవాడు, ఈ అబ్బాయి ధైర్యంగా నిలబడ్డాడు, అందుకే ఈయన నాకు దక్కాడు,” అంటారు. ఆ సాయంత్రం మోకాళ్ళు బిగుసుకుపోయి కదల్లేకపోయిన ఆ కుర్రవాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది గానీ, ఆవిడ ముఖం చూసి ఇన్నేళ్ళుగా ఆ మాట కాదనలేకపోయాను.