సాలి మాకు అంకెలు నేర్పిన రోజు

నాచారంలో పక్కింటి గోడ మీది దొండాకు నలిపితే చిన్నప్పటి పలక వాసన వచ్చింది. దొండాకుతో పలక తోమిన దోస్తులూ, యాదికున్నదా?

మా ఉప్పల్ బడికి సాలి అనే లంబాడీ పిల్ల వచ్చేది. నోరు విప్పేది కాదు. ఒకరోజు వాళ్ల నాయన రాళ్లు కొట్టే పనికి పోతూ బడికి వచ్చి, "దీనికి తెలుగు వస్తలేదు సారూ, పనికి తోల్కపోత" అన్నాడు.

సారు సాలిని ముందుకు పిలిచి వేళ్లు చూపించారు. "ముందుగాల మీ అంకెలు మాకు నేర్పు బిడ్డా."

"ఏక్, ది, తీన్..." మొదలుపెట్టింది సాలి. మేం వెంట అన్నాం. ఐదు దాటేసరికి అంతా తప్పే.

"కాదు! కాదు!" అని అరిచింది సాలి. మేం విన్న ఆమె మొదటి తెలుగు మాట అదే. బడంతా చప్పట్లు!

వాళ్ల నాయన గడ్డపార భుజానికెత్తుకున్నాడు. "ఉండనీయ్ సారూ. మీ అందరికీ నేర్పేదాక గిది ఇడువదు" అని నవ్వుకుంటూ ఒక్కడే పనికి పోయాడు.