పొయ్యి దగ్గరి భాష

మొన్న, నా భార్య దగ్గర ఒకప్పుడు డిగ్రీ చదువుకున్న అమ్మాయి స్వీట్ల పెట్టెతో రాజాంలోని మా ఇంటికొచ్చింది. సవర గిరిజనుల పిల్ల. తమ వాళ్ళ గురించి తనే పరిశోధన చేయాలని ఎన్నాళ్ళుగానో కోరిక. ఇప్పుడు ఫెలోషిప్ వచ్చింది. "ఇంక ట్యూషన్లు మానేసి ఊళ్ళు తిరగొచ్చు మేడమ్" అంటూ ఆ పిల్ల పెట్టె విప్పి మా చేతుల్లో స్వీట్లు పెట్టింది. నాకు చటుక్కున మా అమ్మ గుర్తొచ్చింది.

మా పెళ్ళినాటికి నా భార్య ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతూ, పిహెచ్‌డీ సగంలో ఆపేసి ఉంది. ఉద్యోగం మానితే ఇల్లు నడవదు, మానకపోతే పరిశోధన నడవదు. అలాంటప్పుడు ఫెలోషిప్ మంజూరైంది. పని కోసం ఊళ్ళు మారినవాళ్ళు తమ కులాన్నీ భాషనీ ఏమని చెప్పుకుంటారన్నది ఆమె విషయం. వరి చేలు తప్ప వేరే లోకం అక్కర్లేని మా అమ్మ అదంతా విని బుగ్గలు నొక్కుకుంది. "ఒలమ్మా! ఎవుల్నైనా కులమడిగితే తగువొస్తాది. నీకేటి, అడిగినందుకు జీతమిస్తారేటి?"

ఆమె సర్వేకి ఎంచుకున్న నెల్లిమర్ల జూట్ మిల్లు చుట్టుపక్కల వీధుల్లో తగువులైతే రాలేదు గానీ తలుపులూ తెరుచుకోలేదు. నా భార్య చేతిలో కాగితాలు చూసి, రేషన్ కార్డులు తీసేయడానికొచ్చిన మనిషేమోనని జనం మొహం చాటేసేవారు. ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, "నావల్ల కాదు, ఫెలోషిప్ వదులుకుంటానని రాసిచ్చేస్తాను" అని కూలబడింది. మర్నాడు ఆదివారం. తెల్లారేసరికి అమ్మ ఉతికిన చీర కట్టి, ఆకూ వక్కా కొంగున ముడేసుకుని గుమ్మంలో నిలబడింది. "నడవే, నానొస్తాను. నువ్వేటీ అడక్కు. ఊరికే కూకో." సెలవు గనక నేనూ వాళ్ళతో బస్సెక్కాను.

అమ్మ పద్ధతి వేరు. ఎవరింటి అరుగు మీదో చతికిలబడి మంచినీళ్ళు అడిగేది. నీళ్ళతోపాటు కబుర్లూ వచ్చేవి. ఒక ఇంట్లో మాత్రం నడివయసు ఆవిడ నీళ్ళిచ్చి, ఎక్కడివాళ్ళని అమ్మ అడగ్గానే "మాదిక్కడే, మేం తెలుగోలమే" అని తేల్చేసింది. అంతలో లోపల్నుంచి ఓ ముసలావిడ మనవణ్ణి ఒడియాలో కేకలేసింది. గుమ్మంలోని ఆవిడ ముఖం మాడిపోయింది, తలుపు వేయబోయింది. అప్పుడు మా అమ్మ మెడ సాచి, లోపలికి చూస్తూ అదే భాషలో ఏదో అంది. లోపల అరుపు ఆగింది. అమ్మ మళ్ళీ ఏదో అంది. ముసలావిడ గోడ పట్టుకుంటూ బయటికొచ్చి అమ్మ రెండు చేతులూ పట్టుకుంది. నేను నీళ్ళగ్లాసుతో కొయ్యబారిపోయాను. పుట్టినప్పట్నించీ అమ్మ నోట నేనా భాష వినలేదు.

తిరిగొస్తూ బస్సులో అడిగాను.

"మీ అమ్మమ్మది ఇచ్ఛాపురం అవతలూరు. కులమొకటే గానీ మాటొకటి కాదు. కొత్తకోడలుగా వచ్చినప్పుడు ఆవిడ తెలుగు ఇని అందరూ నవ్వినారట. ఇంక నలుగుర్లో నోరిప్పనేదు. పొయ్యికాడ నాతోటే గుసగుసగా మాటాడీది."

"మరి నాకెప్పుడూ సెప్పనేదేటమ్మా?"

"నువ్వెప్పుడడిగినావురా?" అని అమ్మ నవ్వింది. కాసేపటికి కిటికీవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసే తిరిగారు. తలుపు వేయబోయిన ఇంట్లోనే పండక్కి పిలిచి అన్నం పెట్టేంత చనువొచ్చింది. డాక్టరేట్ వచ్చాక కృతజ్ఞతల పేజీలో ఫెలోషిప్ పేరు ముందూ అమ్మ పేరు తర్వాతా ఉందని నా భార్య చదివి వినిపిస్తే, "అదే నాయం. ఆల్లు తిండికి సూసినారు, నాను కబుర్లాడినాను" అంది అమ్మ.

అమ్మ ఇప్పుడు లేదు. నా భార్యకు దొరికిన ఆ తీరిక వల్ల నేను చూడని అమ్మమ్మ నాకు దొరికింది. ఆ ఫెలోషిప్ ఇచ్చినవాళ్ళెవరో ముఖాలు తెలియకపోయినా తలుచుకుంటూనే ఉంటాను. అమ్మమ్మ గురించి అమ్మని అడగాల్సినవి మాత్రం ఇప్పుడు గుర్తొస్తున్నాయి. కాలం జవాబు తెలిసినవాళ్ళని ముందు తీసుకుపోతుంది, ప్రశ్నల్ని మాత్రం తీరిగ్గా వెనక పంపుతుంది.