పెనాల్టీ బాక్సు గీతలో సున్నం

కరోనా తర్వాత కాలేజీలు తెరిచిన మరుసటి ఏడాది. కరీంనగర్‌లో ఒక మహిళా డిగ్రీ కాలేజీకి నేను గ్రౌండ్‌మన్‌ని. గడ్డి కోయడం, నీళ్లు పట్టడం, మ్యాచ్ ఉన్నరోజు తెల్ల గీతలు వేయడం నా పని. గీతలకు సుద్దపొడి వాడాలి. ఒకరోజు సున్నం పోశాను. తెలిసే పోశాను.

ఆ ఏడు ఫుట్‌బాల్ టీములోకి ఫస్టియర్ పిల్ల రవళి వచ్చింది. చెన్నూరు దిక్కు బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. ఆమె ఫార్వర్డ్, అంటే అందరికంటే ముందుండి గోల్ కొట్టాల్సిన మనిషి. మొదటిరోజే గోల్‌పోస్టు చూసి నవ్వింది.

"తాతా, గింత పెద్దదా! మా కాలనీల రెండు చెప్పులు పెట్టి ఆడుతుంటిమి."

"గట్లయితే గోల్ తప్పితే నీకు బహానా లేదు పో," అన్నాను.

ఆమె మొదటి మ్యాచ్ రోజు పొద్దున వాన కొట్టి గీతలన్నీ పోయాయి. స్టోర్‌లో సుద్దపొడి తడిసి ముద్దయింది. పక్కనే గోడలకు వేయగా మిగిలిన పొడి సున్నం ఉంది. గంటలో అవతలి టీము బస్సు దిగుతుంది. గీతలు లేవని, ఆటలు నేర్పే పీడీ మేడమ్‌తో తిట్లు తినలేక అదే చల్లాను. అంతకుముందు పదేళ్లు ఇండ్లకు సున్నాలు వేసినవాణ్ని. అది కంట్లో పడితే ఏమవుతుందో నాకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

సెకండాఫ్‌లో రవళి బంతితో పెనాల్టీ బాక్సులోకి దూసుకొచ్చింది. అవతలి టీము పిల్ల కాలు తగిలి బోర్లా పడింది, సరిగ్గా గీత మీద.

"మంట! అవ్వా, కన్ను మంట!"

"మట్టే పడ్డదే, చెయ్యి తియ్, తుడుస్త," అని కెప్టెన్ టవల్ తీసింది. మేడమ్ ఆటో కోసం కేకేసింది. నాది కాంట్రాక్టు నౌకరీ, నోరు విప్పితే అప్పుడే పోతుంది. టవల్ కంటిదాకా వచ్చింది.

"రుద్దకుండ్రి! అది సుద్ద గాదు, సున్నం. నేనే పోసిన."

మేడమ్ తేరుకునేలోపే పిల్లను నల్లా కిందికి లాక్కెళ్లాను. రెండు వేళ్లతో రెప్ప విప్పి పట్టి నీళ్లు వదిలాను. గిచ్చింది, తన్నింది.

"ఇడిసిపెట్టు తాతా, సస్త!"

"తిట్టు బిడ్డా, గని కన్ను ముయ్యకు."

బయట ఆటో హారన్ కొడుతోంది. "ఇంకెంతసేపు? పిల్లకేమన్నయితే నీదే జిమ్మేదారి!" అంది మేడమ్.

"నాదే మేడమ్. ఇంక కడగాలె."

పావుగంట దాటాకే ఆటో ఎక్కించాను. ఆసుపత్రిలో ఏం పడిందని డాక్టర్ అడిగితే మళ్లీ చెప్పాను. ఆయన ఇంకోసారి కడిగి కట్టు కట్టాడు. మూడు రోజులయితేగాని చూపు సంగతి చెప్పలేనన్నాడు.

సాయంత్రం రవళి తండ్రి డ్యూటీ దిగి, మసి కడుక్కోకుండానే ఆసుపత్రికి వచ్చాడు.

"సున్నం ఎవడు పోసిండు?"

"నేనే."

"మా బాయిల గిసొంటి పని జేస్తే పానాలు పోతయ్, ఎర్కేనా?"

తర్వాత ఆ మూడు రోజులు ఆసుపత్రి వరండాలో ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఆయన ఆ కొసన, నేను ఈ కొసన.

నాలుగో రోజు కట్టు విప్పి, బాగున్న కన్ను మూయించి, గోడ మీది అక్షరాలు చదవమన్నారు. నేను యాభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నవాణ్ని. ఆమె వెంట లోలోపల కూడబలుక్కుంటూ పోయాను. నాలుగు వరుసలు దాటి ఆగింది. కన్ను తుడుచుకుంది. తండ్రి బెంచీ మీంచి లేచాడు. చివరి వరుస నా కంటికి ఆనలేదు. ఆమె చదివింది.

నా నౌకరీ పోయింది, పోవాల్సిందే. ఇప్పుడు వేరే గ్రౌండులో చేస్తున్నాను. సుద్దపొడి లేనిరోజు "ఇయ్యాల ఆట కాదు" అని చెప్పి తిట్లు తినడం కూడా గ్రౌండ్‌మన్ పనే. దాన్ని నేను ఒక ఆడపిల్ల కన్ను పణంగా పెట్టి నేర్చుకున్నాను. ఇంకెవరూ అట్లా నేర్చుకోవద్దు.