సొంతింటి నెత్తురు

మా రామచంద్రం ఎంత మంచివాడో అంత మొండివాడు. ఖానాపూర్ అవతల ఒక చిన్న దవాఖానలో ఇరవై రెండేళ్లుగా నెత్తురు పరీక్షలు చేస్తున్నాడు. పక్కగదిలో మందులిచ్చేది నేనే. గూడేల్లో సికిల్‌సెల్ అనే నెత్తురు జబ్బుకు శిబిరమంటే అందరికంటే ముందు బయలుదేరేవాడు.

"జర మీ ఇంట్లోళ్లకు గూడ చేసి చూడరాదే అన్నా" అని నేనంటే, "గది గూడెపోళ్ల జబ్బు చెల్లె, మనకెందుకుంటది" అనేవాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే. నాకు ఒళ్లు మండేది.

మొన్న శ్రావణంలో, కొత్తగా వచ్చిన నర్సమ్మలకు పాఠం చెబుతున్నాడు. "మన ఒంట్ల శానా కణాలకు కేంద్రకం ఉంటది. కణం ఏం తయారుచెయ్యాల్నో గందుల రాసుంటది. ఎర్రకణం మాత్రం ఎముక మజ్జల పెరిగేటప్పుడే కేంద్రకాన్ని బయట పారేస్తది. హిమోగ్లోబిన్‌కు జాగ కావాలె గద. గందుకే తర్వాత చెడితె బాగుచేసుకోలేదు."

మంచి నెత్తురు ఎలా ఉంటుందో చూపడానికి, అన్నం గిన్నె తెచ్చిన కూతురు నవనీత వేలు గుచ్చాడు. చెడ్డ కణాలుంటే వంగి బయటపడేలా, చుక్కలో ఆక్సిజన్ లాగేసే మందు కలిపి, పైన పలుచని అద్దం పెట్టి అంచులు మూశాడు. అరగంట తర్వాత మైక్రోస్కోపులోకి చూసినవాడు తల ఎత్తలేదు. నేనూ చూశాను. గుండ్రంగా ఉండాల్సిన కణాలు కొడవళ్లలా వంగి ఉన్నాయి.

పెద్ద పరీక్షకు పంపితే తేలింది. నవనీతకు జబ్బు లేదు, జతలో ఒక జన్యువే చెడ్డది. ఆమెకేం ఢోకా లేదు. కానీ చేసుకోబోయే మేనబావకూ అలాంటిదే ఉంటే, పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగో వంతు ముప్పు. పెండ్లికి పన్నెండు రోజులే ఉన్నాయి.

నన్ను వెంటబెట్టుకుని, పెండ్లికొడుకు తల్లి అయిన తన అక్క కొమురవ్వ ఇంటికి పోయాడు. ఆమె పెండ్లి బియ్యం చెరుగుతోంది.

"అక్కా, అల్లుని నెత్తురు ఒక్కసారి చూస్త."

"దుబాయ్ పోనీకి చేసే మెడికల్ పరీక్షల పాసైనోనికి ఏం రోగముంటది తమ్మీ? పిల్లనియ్య బుద్ధి కాకుంటె సీదా చెప్పు."

ఆయన అరుగు మీద కూలబడి అంతా చెప్పాడు. "ఇద్దరికీ ఉంటె, పుట్టెటోళ్లకు ఏమైతది?" అందామె.

శిబిరాల్లో చెప్పినట్టే చెప్పాడు. "చిన్నప్పుడే చేతులు, కాళ్లు ఉబ్బుతయి. కండ్లు పచ్చబడ్తయి. వంగిన కణాలు సన్న నరాలల్ల ఇరికి, వానల తడిస్తె సాలు, కీళ్లు నొస్తయని ఏడుస్తనే ఉంటరు."

కొమురవ్వ చేట కింద పెట్టింది. "మా చిన్నోడు గిట్లనే ఏడ్చి ఏడ్చి పాయె" అంది. పదేళ్ల కింద, ఏడేళ్లకే పోయిన కొడుకు. "గాలి సోకిందని కొండగట్టు అంజన్న గుడికి తీస్కపోతిమి."

రామచంద్రం మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్ల నా కోపం ఎటు పోయిందో, ఏడుపొచ్చింది.

"గప్పుడు నువ్వు గీ పనిలనే ఉంటివి గద తమ్మీ" అంది కొమురవ్వ. "వాని నెత్తురు ఎందుకు చూడలే?"