రెండో నికాలో మౌనం

మాచర్లలో మా వీధి ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేనే నేర్పేదాన్ని. నాకు నేర్పింది మసీదులో ఇమాముగా ఉన్న మా నాన్న. అందుకని ఎనభైల్లో మా వాళ్ల పెళ్లిళ్లలో నన్ను పెళ్లికూతురి పక్కన కూర్చోబెట్టేవారు.

ఆ రోజు పెళ్లికూతురు నా దగ్గర చదువుకున్న పిల్లే. మొదటి భర్త నాపరాళ్ల క్వారీలో పోయాడు. నాలుగేళ్ల కూతురుంది. వరుడు సత్తెనపల్లిలో పరుపులు కుట్టేవాడు. అతనికీ భార్య పోయింది.

నికా చదివించే ఖాజీగారు పందిట్లో కూర్చున్నారు. పెళ్లికూతురి మేనమామ, ఆమె సమ్మతి అడిగి ఖాజీకి చెప్పే వకీలుగా, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని మా గది గుమ్మం దగ్గరకు వచ్చాడు. అడ్డంగా కట్టిన దుప్పటి అవతలి నుంచి వరుడి పేరు, అతను ఆమెకు ఇవ్వాల్సిన మెహర్ ఎంతో చెప్పి, "నీకు సమ్మతమేనా అమ్మా?" అని అడిగాడు.

ఆమె పలకలేదు. మళ్లీ అడిగాడు. ముసుగు కింద ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. వెనక నుంచి వాళ్ల నాయనమ్మ ఆమె తల మీద చెయ్యేసి కిందికి నొక్కింది.

"ఊపింది, ఊపింది. ఇంక పోండి నాయనా, పలావు చల్లారిపోతంది."

ఆడవాళ్లు నవ్వారు. వకీలు వెనక్కి తిరిగిన చప్పుడు వినిపించింది. కన్నెపిల్ల మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోవచ్చు. ఒకసారి కాపురం చేసిన స్త్రీ మాత్రం నోరు తెరిచి చెప్పాలి. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం పెట్టిన తేడా అది. మా వీధిలో రెండో నికాలు అరుదు. కన్నెపిల్లల పెళ్లిళ్లలో అలవాటైనదాన్నే ఇక్కడా నడిపించేస్తున్నారు.

"మామూ, ఆగండి. ఆమె చెప్పలా," అన్నాను.

"సిగ్గుపడతందిలేమ్మా. ఎప్పుడూ ఇంతేగా."

"అది కన్నెపిల్లలకి. ఈమె మాట వినపడకపోతే నికా చెల్లదు. రేపు అల్లా ముందు జవాబు చెప్పాల్సింది మీరే."

"ఏమే, నువ్వేమన్నా ఖాజీవా?" అని నాయనమ్మ కసిరింది. "మగపెళ్లోళ్లకి బస్సు టైమైతంది."

నేను ఆమె చెవి దగ్గరకు వంగి, "అతనంటే ఇష్టం లేదా?" అని అడిగాను.

"ఆయన సంగతి కాదు ఆపా. పిల్లని ఇక్కడే వదిలి పొమ్మంటన్నారు. దాన్నొదిలి నేను పోను."

ఆ మాటే దుప్పటి అవతలికి గట్టిగా చెప్పాను. వకీలు పందిట్లోకి వెళ్లాడు. ప్రవక్త మీద దరూద్ చదువుకుంటున్నాను గానీ మనసు నిలవలేదు. సంబంధం చెడితే ఈమెను మళ్లీ ఎవరు అడుగుతారు?

చాలాసేపటికి వకీలు తిరిగొచ్చాడు. "పిల్లని తీసుకురావొద్దని నేనెప్పుడన్నాను అంటన్నాడు అల్లుడు. మనోళ్లే అట్లా అనుకున్నారంట," అని, మళ్లీ మొదటి నుంచి అడిగాడు.

"సమ్మతమే," అంది ఆమె, పందిట్లోకి వినపడేంతగా.

సాయంత్రం బస్సెక్కేటప్పుడు పిల్ల ఆమె చంకలోనే ఉంది. ఆ నికా చెల్లింది, అందులో నాకు అనుమానం లేదు. నన్ను తొలిచినవి అంతకు ముందు జరిగిన నికాలు. నేను పక్కనే కూర్చుని సిగ్గు అనుకున్న ఆ కన్నెపిల్లల మౌనాల్లో ఏముందో ఎవరు అడిగారు?

అప్పటి నుంచి వకీలు రాకముందే అందరినీ గదిలోంచి పంపేసి, పెళ్లికూతుర్ని ఒంటరిగా అడగడం మొదలుపెట్టాను. "ఖాజీ వచ్చిందమ్మా, లేవండి" అని ఎగతాళి చేస్తూనే ఆడవాళ్లు బయటికి నడిచేవారు. కొందరైతే పెళ్లిళ్లకు నన్ను పిలవడమే మానేశారు.