సముద్రంలోంచి కనిపించే మా చెట్టు

మిరప, పత్తి తప్ప ఇంకో పంట ఎరగని నల్లరేగడి మాది. అమ్మ వైపు నుంచి మాత్రం కొత్తపట్నం దగ్గర, సముద్రానికి కూతవేటు దూరంలో, రెండెకరాల ఇసుక చేను నాకు వచ్చింది. వేరుశనగ వేస్తే ఏదో పండేది, వేయకపోతే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. గట్టున నాలుగు తాటిచెట్లు గుంపుగా ఉండేవి. వాటికి దూరంగా, తూర్పు మూలన, ఇంకొకటి ఒంటరిగా ఉండేది. ఆ ఐదో చెట్టు గురించే నేను చెప్పాలి. ఏదో ఒక పని అడ్డం పెట్టుకుని ఇన్నాళ్ళూ దాటేశాను.

నా హైస్కూలు చదువు అమ్మమ్మ ఊళ్ళో సాగింది. అక్కడ నా బెంచీలో కూర్చున్నవాడు తర్వాత సముద్రం మీద వేటకు వెళ్ళాడు, నేను మిరప చేలోకి వచ్చాను. ముప్పై ఏళ్ళు దాటినా మా మధ్య ఏరా, ఒరేయ్ పోలేదు. వాడికి ఒక ఫైబర్ బోటు, దానికి దగ్గుతూ నడిచే ఇంజిను ఉండేవి. అందరూ వలలు వేసుకుంటుంటే వీడు గాలంతో కోబియా పట్టేవాడు. ముదురు రంగులో, బల్లపరుపు తలతో, పక్కన తెల్లటి చారతో ఉంటుంది ఆ చేప. చెరువు కొరమేనుకు పెద్దన్నయ్యలా ఉంటుందని మా ఇంట్లో దాన్ని సముద్రపు కొరమేను అనేవాళ్ళం. మిగతావాళ్ళకు ఎప్పుడో ఒకటి పడే చేప వీడికి వారానికి రెండు మూడు పడేది. ఎక్కడ పడుతున్నావురా అని ఊరంతా అడిగింది. "సముద్రంలో" అనేవాడు.

నాకు మాత్రం చూపించాడు. చలి తగ్గుతున్న రోజుల్లో ఒక ఉదయం నన్ను బోటెక్కించాడు. అరగంటకే నా కడుపులోదంతా గొంతులోకి వచ్చింది. "కక్కుకుంటే అటు కక్కుకో, ఇటు ఎర ఉంది" అన్నాడు. ప్లాస్టిక్ టబ్బులో చిన్న చేపలు బతికి తిరుగుతున్నాయి. నేను ఆశ్చర్యపోయింది ఏమిటంటే, వాడు ముందుకు చూడటం లేదు. ఒడ్డు వైపే చూస్తూ బోటు నడుపుతున్నాడు.

"చర్చి గోపురం కనపడుతుందా? దాని పక్కన చూడు, నీ ఒంటి తాడి. ఇంకాస్త పోతే గోపురం సరిగ్గా చెట్టు వెనక్కి వస్తుంది. అదొక గీత. అటు దక్షిణాన ఐసు ఫ్యాక్టరీ, దాని వెనక నీళ్ళ ట్యాంకు. ఆ రెండూ ఒకటయితే రెండో గీత. రెండు గీతలూ కలిసినచోట లంగరేస్తే, కింద మునిగిపోయిన పెద్ద పడవ ఉంది. మా నాన్న వల చిరిగితే తెలిసింది."

"ఫోనులో గుర్తు పెట్టుకోవచ్చు గదరా?"

"పెడితే ఫోను చూసినోడల్లా వస్తాడు. పెద్ద బోట్లు వచ్చి ఊడ్చుకుపోతాయి. నా తలకాయలో ఉంటే చాల్లే."

గాలానికి చిన్న చేపను గుచ్చి వదిలాడు. ఎంతసేపటికీ ఏమీ లేదు. ఉన్నట్టుండి తాడు వాడి చేతుల్లోంచి బర్రున జారింది. నన్నూ పట్టుకోమన్నాడు. మిరప బస్తాలు మోసిన చేతులు గదా అనుకున్నాను, అరచేయి కమిలిపోయింది. బోటు పక్కకు తెచ్చాక కొక్కెంతో లాగేస్తాడనుకుంటే, దాన్ని నీళ్ళలోనే ఉంచాడు. "ఆగు, దీని తోడుది వస్తది" అన్నాడు. నిజంగానే కిందినుంచి ఇంకో నీడ పైకి లేచింది. గాలం పడ్డదాని పక్కనే తిరగసాగింది, మమ్మల్ని చూసినా పోలేదు. దాని నోటి ముందు ఇంకో గాలం వదిలాడు. రెండింటినీ పైకి లాగేసరికి ఇద్దరమూ బోటులో వెల్లకిలా పడ్డాం.

తిరిగి వస్తున్నప్పుడు వాడు నవ్వుతూనే, "ఆ చెట్టు జాగ్రత్తరా" అన్నాడు. "అది నా చెట్టు కాదురా, నీదే" అన్నాను నేను. ఆ క్షణంలో నా మాట నిజమే. నా చెట్టు సముద్రంలో ఒక మనిషికి దారి చూపిస్తోందని నెలరోజులు గర్వంగా తిరిగాను.

నా కోపం గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు. నా భార్య దాన్ని పోపులో పడ్డ ఎండుమిరప అంటుంది. మరుసటి ఏడు గుంటూరు యార్డు నుంచి నా సరుకు కొనే ఇద్దరు వచ్చారు. మీకు సముద్రపు కొరమేను తినిపిస్తానని గొప్పలు చెప్పి, కారెక్కించి ఒడ్డుకు తీసుకెళ్ళాను. వీడి బోటులో ఆ రోజు ఉన్నది ఒక్కటే చేప. గంపతో ఊళ్ళు తిరిగి అమ్మే ఒక అక్కకు అప్పటికే మాటిచ్చాడు.

"రేపు రారా, పెద్దది ఉంచుతా" అన్నాడు, ఇసుకలో బోటు లాగుతూ.

వచ్చినవాళ్ళు నన్ను చూసి నవ్వారు. వాళ్ళది మామూలు నవ్వే. నా ఒళ్ళు మాత్రం భగ్గుమంది. నా చెట్టు చూసుకుని పట్టిన చేప నాకే లేదా అనుకున్నాను. పైకి అనలేదు. అని ఉంటే వాడూ నాలుగు తిట్టేవాడు, అక్కడితో పోయేది.

కారులో ఉండగానే ఇటుకల బట్టీ ఆయన ఫోన్ చేశాడు. గట్టు మీది నాలుగు తాటిచెట్లు ఆయనకు ఇదివరకే ఇస్తానన్నాను. రేపు ట్రాక్టరు పంపుతున్నానని చెప్పి, "ఆ మూలన ఒంటి తాడి ఉంది గదండీ, అదీ కొట్టెయ్యమంటారా?" అని అడిగాడు.

"అదీ కొట్టెయ్యండి" అన్నాను.

మర్నాడు పదింటికి వాడు మా ఇంటికి వచ్చాడు. రెండు బస్సులు మారి, గోనెసంచిలో ఐసు పెట్టి, కోబియా తెచ్చాడు. చొక్కా అంతా ఐసు నీళ్ళతో తడిసిపోయింది. "నిన్న మొహం మాడ్చుకుని పోయావు గదరా" అన్నాడు, నా భార్య ముందే. ఆమె నవ్వుతూ చేప లోపలికి తీసుకెళ్ళింది. నా ఫోను బల్ల మీద ఉంది. ఒక్క మాట చెబితే ట్రాక్టరు ఆగేది, లేదా కనీసం ఆ ఒక్క చెట్టు మిగిలేది. చేతిలోకి తీసుకుని టైము చూసి పెట్టేశాను. ఈపాటికి కొట్టేసి ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తర్వాత తెలిసింది, ఒంటి తాడిని వాళ్ళు చివరన, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక కొట్టారు. ఆ వేళకు మేమిద్దరం పక్కపక్కన కూర్చుని ఆ పులుసు తింటున్నాం. వాడు నాకు తల ముక్క వేయమని నా భార్యకు చెప్పాడు.

మూడోరోజు ఫోన్ చేశాడు. "ఒరేయ్, బట్టీ వాడు నీ ఒంటి తాడి కూడా కొట్టుకుపోయాడురా. నాలుగు మాట్లాడి ఐదు కొట్టాడు. పోయి అడిగితే నువ్వే చెప్పావంటాడు, ఎంత ధైర్యం! చొక్కా పట్టుకున్నా."

నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. "సరే, నేను మాట్లాడతాలే" అన్నాను. సాయంత్రం బట్టీ ఆయన ఫోన్ చేసి, "ఏంటండీ ఇది, మీరే గదా చెప్పింది" అని నిలదీస్తే, "పోనీలెండి, వాడికి ఆవేశం ఎక్కువ" అన్నాను. ఆవేశం ఎవరికి ఎక్కువో ఆయనకు అర్థమయ్యే ఉంటుంది.

తర్వాత వాడు పడని పాట్లు లేవు. ఐసు ఫ్యాక్టరీ గీత ఒక్కటే మిగిలింది. ఆ గీత మీద పైకీ కిందికీ తిరుగుతూ, తాడుకు సీసపు గుండు కట్టి అడుగు వెతికాడు. డీజిలు తగలబడింది గానీ పడవ తగల్లేదు. ఒకరోజు రెండు వెదురు గడలు కలిపి కట్టి, మొద్దు ఉన్నచోట నన్నే పట్టుకుని నిలబడమన్నాడు. చివరన ఎర్ర చీర ముక్క కట్టాం. వాడు సముద్రంలోంచి ఫోనులో అరుస్తున్నాడు, "ఇంకొంచెం పైకెత్తరా, సరుగుడు తోపు అడ్డమొస్తోంది!" అని. నా తల మీదికెత్తి పట్టుకున్నాను. భుజాలు గుంజేశాయి. గాలికి గడలు విరిగి నా మీదే పడ్డాయి. ఏడుపొచ్చింది. అప్పుడైనా చెప్పాల్సింది. ఫోను చెవి దగ్గరే ఉంది.

ఆ ఏడు ఎండలు ముదరకముందే బోటు అమ్మేశాడు. నిజాంపట్నంలో ఎవరిదో పెద్ద బోటు మీద కూలికి కుదిరాడు. ఏ పెద్ద బోట్ల కంటపడకుండా ఆ చోటు దాచాడో, అలాంటి దాని మీదే ఇప్పుడు వలలు లాగుతున్నాడు.

వెళ్ళేముందు మా ఇంటికి వచ్చాడు. బస్టాండు దాకా నేనే బండి మీద దించాను. బస్సు ఇంకా రాలేదు. ఇద్దరం టీ తాగుతూ నిలబడ్డాం.

"బోటు పోయిందని కాదురా," అన్నాడు, "ఆ బట్టీ వాడు నువ్వు చెప్తేనే కొట్టానన్నాడు చూడు, నాకు ఆ మాటకే ఒళ్ళు మండింది. మనిద్దరి మధ్య పుల్ల పెట్టాలని గదా వాడి ఏడుపు?"

వాడి కళ్ళలోకి చూశాను. ఎక్కడా అనుమానం లేదు.

"వాడంతేరా" అన్నాను.