సుద్దపొడిలో పడని రెండు వేళ్లు

చేతుల తిమ్మిరంతా సైకిల్ వల్లేనని నా నమ్మకం. రోజూ చాదర్‌ఘాట్ నుంచి ఆబిడ్స్‌లోని ఆఫీసుకు తొక్కుతాను మరి. ఎత్తు హ్యాండిల్ వేయిస్తే తగ్గుతుందని ఈ సాయంత్రం నాంపల్లిలో యాదగిరి సైకిల్ షాపుకు వెళ్లాను.

పట్టు ఎక్కడెక్కడ పడుతుందో చూడ్డానికి ముసలి యాదగిరి నా అరచేతులకు, వేళ్లకు సుద్దపొడి పూసి, మూడు రకాల హ్యాండిళ్లు పట్టించాడు. గట్టిగానే పట్టుకున్నాననుకున్నాను. దేనిమీదా కుడి బొటనవేలి గుర్తు, చూపుడువేలి గుర్తు పడలేదు.

"ఏం పని చేస్తరు సారూ?"

"టైపిస్టుని. వచ్చే నెల పరీక్ష పాసైతేనే ఉద్యోగం పర్మనెంటు."

అతను తన చేతికీ సుద్ద పూసుకుని హ్యాండిల్ పట్టుకున్నాడు. అతనివీ అవే రెండు వేళ్ల గుర్తులు పడలేదు.

"నాకు గూడ గిట్లనే షురూ అయింది. ఇది హ్యాండిల్‌తోని పోయేది కాదు. జర దవాఖానకు పోన్రి."

అయినా ఎత్తు హ్యాండిలే బిగించమన్నాను. నేరం సైకిల్‌దే అనుకుంటే ఈ రాత్రికి నిద్రైనా పడుతుంది. బిగిస్తుంటే అతని చేతిలోంచి పానా జారింది. వంగి తీసి ఇవ్వబోయాను. నా చేతిలోంచీ జారింది.

చేతులు మార్చే షాపు ఎక్కడైనా ఉంటే, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.